తాళం చెవి ఎవరి దగ్గర?

(స్మారకోపన్యాస పాఠం)



మాస్టారు మాకు కామర్సు చెప్పారు. జమాఖర్చులు ఎవరైనా చెబుతారు. ఆయన మాత్రం లెక్క తేలాక కూడా వదిలేవారు కాదు. ఈ బాకీ ఎవరిది, ఎవరికి, మధ్యలో ఎవరున్నారు అని అడిగేవారు. ఆయన పేరున జరిగే ఉపన్యాసానికి విషయం ఎంచుకోమన్నప్పుడు నాకు ఆ ప్రశ్నే గుర్తొచ్చింది. అందుకే అమెరికాలో 2007 నుంచి 2012 దాకా సాగిన ఇళ్ళ జప్తుల గురించి మాట్లాడదామనుకున్నాను. అక్కడి గోల మనకెందుకంటారా? ఆ సంవత్సరాల్లో అక్కడ ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళు తక్కువమంది కాదు. ఆ అప్పుల కాగితాల పని కొంత హైదరాబాదు, చెన్నై, బెంగళూరు ఆఫీసుల్లో రాత్రి షిఫ్టుల్లో జరిగింది కూడా.

ఆ సంక్షోభం ఎలా పుట్టిందో మీరు వినే ఉంటారు. ఆదాయం చూడకుండా అప్పులిచ్చారు, 2006లో ధరలు శిఖరానికి చేరి అక్కణ్ణుంచి జారాయి, 2008 సెప్టెంబరు 15న లేమాన్ బ్రదర్స్ దివాలా తీసింది. 2012 నాటికి దేశం మొత్తం మీద ఇళ్ళ ధరలు నాలుగో వంతుకు పైగా పడిపోయాయి. లాస్ వెగాస్, ఫీనిక్స్ లాంటి చోట్ల సగానికి పైగా పడ్డాయి. 2010 ఒక్క ఏడాదిలోనే 28 లక్షలకు పైగా ఇళ్ళ మీద ఏదో ఒక జప్తు నోటీసు పడింది. పది లక్షలకు పైగా ఇళ్ళు బ్యాంకుల చేతికొచ్చాయి. దీని మీద పుస్తకాలున్నాయి, సినిమాలున్నాయి, కాబట్టి ఆ కథ వదిలేస్తాను.

నేను మాట్లాడేది ఆ తర్వాతి సంగతి. ఇల్లు చేజారడం మొదలయ్యాక దాని చుట్టూ బోలెడంత మంది చేరారు. వసూలు ఉద్యోగులు, వకీళ్ళు, వేలం వేసే షరీఫ్, ధర కట్టే ఏజెంటు, తాళాలు మార్చేవాడు, గడ్డి కోసేవాడు, వేల మైళ్ళ దూరంలో కంప్యూటరు ముందు కూర్చుని అన్నిటికీ సరేననో కాదనో చెప్పే అసెట్ మేనేజరు. వీళ్ళలో ఎక్కువమంది చెడ్డవాళ్ళు కారు, పనిరానివాళ్ళు అసలే కారు. మరి ఇంతమంది పనిమంతులు కలిసి అంత అధ్వాన్నంగా ఎలా పని చేశారు? ఒకరికి తెలిసింది ఇంకొకరికి చేరలేదు, చేరినా చేరిన మనిషికి నిర్ణయాధికారం లేదు. నాకు తోచిన జవాబు ఇదే.

మన దగ్గర గృహరుణం తీసుకుంటే మామూలుగా ఆ బ్యాంకుకే కిస్తీ కడతాం. దస్తావేజులు ఆ బ్యాంకు దగ్గరే ఉంటాయి, పేచీ వస్తే బ్రాంచి మేనేజరు ముందుకే వెళ్ళి కూర్చుంటాం. అమెరికాలో ఆ ముడి అప్పటికే ఎప్పుడో విడిపోయింది. అప్పిచ్చిన సంస్థ ఆ అప్పును అమ్మేస్తుంది. కొన్నవాళ్ళు వేల అప్పులను మూటగట్టి ట్రస్టులో పెట్టి, దాని మీద బాండ్లు అమ్ముతారు. ఇంటాయన నెలనెలా డబ్బు పంపేది మాత్రం సర్వీసర్ అనే సంస్థకు. సర్వీసర్ అప్పిచ్చినవాడు కాదు, ఆ డబ్బు అతనిదీ కాదు, వసూలు చేసి లెక్క చూస్తాడంతే. తనఖా హక్కు చేతులు మారిన ప్రతిసారీ కౌంటీ ఆఫీసులో నమోదు చేయించి రుసుము కట్టడం దండగనుకుని, పెద్ద సంస్థలు కలిసి 1995లో మెర్స్ అనే ఎలక్ట్రానిక్ రిజిస్ట్రీ పెట్టుకున్నాయి. దాంతో కౌంటీ రికార్డు తిరగేస్తే మెర్స్ పేరు కనిపించేది, అసలు హక్కుదారు పేరు కనిపించేది కాదు.

ఈ చిక్కు వకీళ్ళకే చుట్టుకుంది. 2007 అక్టోబరు 31న క్లీవ్‌లాండ్‌లో ఫెడరల్ జడ్జి క్రిస్టఫర్ బోయ్‌కో ఒక్కసారిగా 14 జప్తు కేసులు కొట్టేశారు. దావా వేసిన నాటికి ఆ అప్పులు తమవేనని డాయిష్ బ్యాంకు ట్రస్టు సంస్థ చూపలేకపోయింది. పెద్ద బ్యాంకు కాగితం చూపలేక ఓడిపోవడమేమిటని ఆనాడు చాలామంది నోళ్ళు వెళ్ళబెట్టారు.

సర్వీసర్ గురించి ఇంకొంచెం చెప్పాలి, అసలు కిటుకు అక్కడుంది. అతనికి దక్కేది ఏడాదికి వంద డాలర్ల బాకీ మీద పాతిక సెంట్లు, రిస్కు ఎక్కువున్న అప్పులకైతే యాభై సెంట్లు. కిస్తీలు సక్రమంగా వస్తున్నంత కాలం పనంతా కంప్యూటరు చేసుకుపోతుంది, ఆ పావలా చాలు. అప్పు మొండిబడితే మాత్రం మనిషి కావాలి. ఫోన్లో మాట్లాడాలి, జీతం రసీదులు చూడాలి, కిస్తీ ఎంతకు తగ్గిస్తే కట్టగలడో లెక్కగట్టాలి. అలాంటి మనుషులను సర్వీసర్లు తగినంతమందిని పెట్టుకోలేదు. పైగా ఇంటాయన కట్టకపోయినా బాండ్లు కొన్నవాళ్ళకు సర్వీసరే ముందుగా సర్దుబాటు చేయాలి. ఇల్లు అమ్ముడైతే ఆ సర్దిన డబ్బు అందరికంటే ముందు అతనికే వస్తుంది. కాబట్టి తొందర ఎటువైపు ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

2009 ఫిబ్రవరిలో ఒబామా ప్రభుత్వం అప్పుల సవరణ పథకం ప్రకటించింది. 30 నుంచి 40 లక్షల కుటుంబాలకు ఊరటనివ్వాలన్నది లక్ష్యం. 2010 చివరికి శాశ్వతంగా సవరణ దక్కినవి సుమారు 5 లక్షల అప్పులు. ఎందుకంత తగ్గిందని ఎవరినడిగినా ఒకే కథ. కాగితాలు ఫ్యాక్సు చేశాం, అందలేదన్నారు, మళ్ళీ పంపాం, పాతబడ్డాయి కొత్తవి పంపమన్నారు, ఫోన్ చేసిన ప్రతిసారీ కొత్త గొంతు, మళ్ళీ మొదటి నుంచీ చెప్పుకోవాలి. ఈలోపు అదే సంస్థలో ఇంకో విభాగం వేలం తేదీ ఖాయం చేసేది. ఒక విభాగం మీ దరఖాస్తు పరిశీలనలో ఉందని ఉత్తరం రాస్తే, అదే వారంలో ఇంకో విభాగం ఇల్లు ఖాళీ చేయమని రాసేది. రెండు ఉత్తరాలూ అబద్ధాలు కావు. ఎవరికి వారే యమునా తీరే.

వకీళ్ళ సంగతి ఇంతకంటే చిత్రం. ఫిలడెల్ఫియా దివాలా కోర్టులో నడిచిన ఒక కేసు ఉంది. దంపతుల పేర్లు మనకక్కర్లేదు. వరద బీమా ప్రీమియం విషయంలో వాళ్ళకూ బ్యాంకుకూ పేచీ వచ్చింది. పేచీలో ఉన్న ఆ కాస్త సొమ్ము మినహాయించి మిగతా కిస్తీ వాళ్ళు కడుతూనే ఉన్నారు. బ్యాంకు తరఫు లా సంస్థ మాత్రం వీళ్ళు అసలు కిస్తీలే కట్టడం లేదన్నట్టు అర్జీ వేసింది. జడ్జి డయాన్ సిగ్‌మండ్ ఇదేమిటని కూపీ లాగారు. తేలిందేమిటంటే ఆ వకీళ్ళకు తమ కక్షిదారు అయిన హెచ్‌ఎస్‌బీసీతో మాటామంతీ లేదు. మధ్యలో ఒక సంస్థ, దానికొక సాఫ్ట్‌వేరు. తెర మీద ఒక పని పడుతుంది, పక్కన అంకెలుంటాయి, గడువుంటుంది. వకీలు ఆ అంకెలు అర్జీలో ఎక్కించి పడేయాలి. అంకె తేడాగా ఉందే అని అనుమానమొస్తే ఫోనెత్తి బ్యాంకునడిగే దారి లేదు. అడిగినా ఆ తెర మీదే అడగాలి, జవాబూ ఆ తెర మీదే రావాలి. 2009 ఏప్రిల్‌లో ఆ జడ్జి ఈ తంతునంతా పూసగుచ్చినట్టు తీర్పులో రాశారు. లా సంస్థ మీద ఆమె తీసుకున్న చర్యను 2011లో అప్పీలు కోర్టు నిలబెట్టింది. ఈ విషయం మీద ఒక్కటే చదివే తీరికుంటే ఆ తీర్పు చదవమంటాను. ఆర్థికశాస్త్ర పుస్తకాలకంటే అదే ఎక్కువ చెబుతుంది.

వకీలు కక్షిదారును ఎరగడు, ప్రమాణపత్రం మీద సంతకం పెట్టేవాడు ఫైలునెరగడు. జీఎంఏసీ అనే సర్వీసర్ సంస్థ ఉద్యోగి ఒకాయన నెలకు సుమారు 10,000 పత్రాల మీద సంతకం చేశానని వాంగ్మూలంలో ఒప్పుకున్నాడు. పనిదినాలు లెక్కేసి చూడండి, నిమిషానికొకటి పడుతుంది. ఫైలును స్వయంగా పరిశీలించానని ఆ పత్రంలోనే రాసి ఉంటుంది మరి. ఈ సంగతి బయటపడ్డాక 2010 సెప్టెంబరులో ఆ సంస్థ 23 రాష్ట్రాల్లో ఖాళీ చేయించడాలు ఆపేసింది, అక్టోబరులో బ్యాంక్ ఆఫ్ అమెరికా మొత్తం 50 రాష్ట్రాల్లో వేలాలు ఆపింది.

ఇక ఇంటి దగ్గరికి వద్దాం. వేలంలో ఎవరూ పాడకపోతే ఇల్లు బ్యాంకుకే మిగులుతుంది. అలాంటి ఇళ్ళను అక్కడ ఆర్‌ఈఓ అంటారు. మొదట తలుపు తట్టేది స్థానిక రియల్ ఎస్టేట్ ఏజెంటు. లోపల ఎవరైనా ఉన్నారా చూడాలి, ఉంటే ఫలానా తేదీకల్లా ఇల్లు ఊడ్చి తాళం చెవులిస్తే ఇంత డబ్బిస్తామని బేరమాడాలి. తలుపు తీసిన మనిషి మొట్టమొదట అడిగేది డబ్బు గురించి కాదు. నా అప్పు సవరణ దరఖాస్తు ఏమైందండీ అని. ఏజెంటుకు ఏం తెలుస్తుంది? అతనికొచ్చిన కాగితంలో చిరునామా, ఇవ్వగలిగిన సొమ్ము, గడువు మాత్రమే ఉంటాయి. నెలల తరబడి ఫోన్ల మీద తిరిగిన ఆ కుటుంబానికి బ్యాంకు తరఫున మొదటిసారి కంటికి కనిపించిన మనిషి, వాళ్ళ సంగతి అందరికంటే తక్కువ తెలిసినవాడు.

ఇల్లు ఖాళీ అయ్యాక వంటగది గట్టు మీదో, అలమర తలుపుకో ఒక కాగితం టేపుతో అంటిస్తారు. లోపలికొచ్చిన ప్రతివాడూ తేదీ, సంస్థ పేరు, వచ్చిన పని రాసి సంతకం చేయాలి. తాళం మార్చినవాడు రాశాడు. మిగిలిపోయిన సామాను ఎత్తిపోసినవాడు రాశాడు. చలికాలానికి పైపుల్లో నీళ్ళు తోడేసి, టాయిలెట్లలో గులాబీరంగు యాంటీఫ్రీజ్ పోసి, నీళ్ళు విప్పరాదని సింకుల మీద స్టిక్కర్లు అంటించినవాడు రాశాడు. నెలకోసారి చూసిపోయేవాడు, గడ్డి కోసేవాడు, కొనేవాళ్ళను తెచ్చిన ఏజెంటు, అందరూ రాశారు. ఒక్కొక్కరినీ ఒక్కో సంస్థ పంపింది, ఆ సంస్థకు పని ఇంకో సంస్థ అప్పజెప్పింది. ఒకరి మొహం ఒకరు చూడలేదు. ఆ ఇంటి పూర్తి చరిత్ర ఉన్నది ఆ అరఠావు మీదే. బ్యాంకు కంప్యూటర్లో లేదు.

దాని ఫలితం ఎలా ఉండేదో ఆ వృత్తిలో ఉన్నవాళ్ళెవరైనా చెబుతారు. ఓహాయోలోనో మిషిగన్‌లోనో ఒక ఇల్లు. ఖాళీగా ఉన్న ఇంటికి బిల్లెందుకని దూరాన ఎవరో కరెంటు తీయించేస్తారు. బేస్‌మెంటులో ఊటనీరు తోడే పంపుందని, అది కరెంటుతోనే నడుస్తుందని వాళ్ళకు తెలియదు. మంచు కరిగే రోజుల్లో బేస్‌మెంటు నిండుతుంది. ఏజెంటు ఫొటోలు తీసి పంపుతాడు. వందల ఫైళ్ళు చూస్తున్న అసెట్ మేనేజరు రెండు సంస్థల నుంచి ఖర్చు అంచనాలు పంపమంటాడు. అంచనాలు వెళ్ళేసరికి ఆ మేనేజరు మారిపోతాడు. కొత్తవాడు మళ్ళీ ఫొటోలడుగుతాడు. ఈలోగా గోడలకు బూజు పడుతుంది, ఇంటి ధర సగమవుతుంది. కరెంటు కనెక్షన్ పెట్టించడానికి చాలాసార్లు ఏజెంట్లు సొంత జేబులోంచి కట్టి, తిరిగొచ్చే డబ్బు కోసం నెలల తరబడి ఎదురుచూసేవారు. ఈ తంతులో నాకు జాలి కలిగేది వాళ్ళ మీదే. కళ్ళతో చూసినవాడికి అధికారం లేదు, అధికారమున్నవాడు ఆ రాష్ట్రంలోనే లేడు.

తప్పుడు ఇంటికి వెళ్ళడాలు కూడా జరిగాయి. పిట్స్‌బర్గ్ దగ్గర ఒక మహిళ ఇంటికి బ్యాంకు పంపిన కాంట్రాక్టరు వచ్చి తాళం వేసి, ఆమె పెంచుకున్న చిలకను కూడా పట్టుకుపోయాడని ఆమె దావా వేసింది. మనుషులు కాపురముంటున్న ఇళ్ళను ఖాళీ ఇళ్ళని రాసి తాళాలు మార్చారంటూ 2013లో ఇల్లినాయ్ అటార్నీ జనరల్ ఇలాంటి ఇళ్ళ సంరక్షణ చూసే సేఫ్‌గార్డ్ ప్రాపర్టీస్ అనే సంస్థ మీద కేసు పెట్టారు. 2015లో పది లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. గడ్డి పెరిగితే, కారు కనబడకపోతే ఇల్లు ఖాళీ అని రాసుకుపోవడం సులువు. తలుపు తట్టి అడగడానికి సమయం పడుతుంది, ఇంటికింతని డబ్బులిచ్చే పనిలో ఆ సమయానికి వెల లేదు.

అద్దెకున్నవాళ్ళ అవస్థ మరీ ఘోరం. అద్దె నెలనెలా కడుతున్నారు, యజమాని ఆ డబ్బు కిస్తీకి కట్టలేదు, నోటీసులన్నీ యజమాని పేరున వెళ్ళాయి. ఒకరోజు షరీఫ్ మనుషులు వచ్చి సామాను వీధిలో పెడుతుంటే వీళ్ళకు మొదటిసారి తెలుస్తుంది. షికాగో ఉన్న కుక్ కౌంటీలో షరీఫ్ టామ్ డార్ట్ 2008 అక్టోబరులో ఈ పని నేను చేయనని ప్రకటించాడు. ఇంట్లో ఎవరున్నారో బ్యాంకు ముందు తెలుసుకుని చెప్పాలి, ఆ పని నా డిప్యూటీల మీదికి తోయకూడదని అతని వాదన. బ్యాంకర్లు మండిపడ్డారు. 2009 మేలో ఫెడరల్ ప్రభుత్వమే చట్టం చేసి అద్దెదారులకు కనీసం 90 రోజుల నోటీసివ్వాలంది. ఆర్థికవేత్తలు, బ్యాంకర్లు చెప్పలేకపోయింది ఒక పోలీసు అధికారి చెప్పాడు.

జబ్బులు కూడా వచ్చాయంటే నమ్ముతారా? కాలిఫోర్నియాలో బేకర్స్‌ఫీల్డ్ అనే ఊరు. 2007 ఎండాకాలంలో అక్కడ వెస్ట్ నైల్ వైరస్ సోకిన మనుషుల సంఖ్య 276 శాతం పెరిగింది. కారణం వెతికితే జప్తుకు వచ్చిన ఇళ్ళ ఈతకొలనులు తేలాయి. పట్టించుకునేవాడు లేక నీళ్ళు పచ్చబడి దోమల కార్ఖానాలయ్యాయి. దోమల శాఖవాళ్ళు ఆ ఇంటి తలుపు తడితే పలికేవారెవరు? బ్యాంకు ఏదో తెలియదు. తెలిసినా ఏ విభాగమో తెలియదు.

అదే ఏడాది, అదే రాష్ట్రంలో, చులా విస్టా అనే నగరం ఒక ఆర్డినెన్సు తెచ్చింది. ఇల్లు వదిలేశారని తెలిస్తే అప్పిచ్చినవాడు నగరంలో నమోదు చేసుకోవాలి, దగ్గర్లో ఉన్న ఒక సంస్థకు సంరక్షణ అప్పజెప్పాలి, ఆ సంస్థ పేరూ ఇరవైనాలుగు గంటలూ పలికే ఫోన్ నంబరూ ఇంటి మీద కనబడేలా అంటించాలి. ఇంతే. దీనికి కోట్లు ఖర్చు కాలేదు. తర్వాత ఎన్నో నగరాలు దీన్నే నమూనాగా తీసుకున్నాయి. ఇంత చిన్న పనికి చట్టం చేయాల్సిరావడమే ఆ కాలపు మేధావుల మీద నాకున్న ఫిర్యాదు.

ఫిలడెల్ఫియా ఇంకొంచెం ముందుకెళ్ళింది. 2008 వసంతంలో అక్కడి నగర మండలి కోరితే షరీఫ్ జాన్ గ్రీన్ ఏప్రిల్ వేలాలు ఆపాడు. ఆ తర్వాత జడ్జి ఆనెట్ రిజో నడిపిన ఏర్పాటు ప్రకారం, ఇంటాయన కాపురముంటున్న ఇల్లయితే వేలానికి ముందు రెండు పక్షాలూ ఒకే గదిలో కూర్చుని మాట్లాడుకోవాల్సిందే. సిటీ హాల్లో 676వ నంబరు కోర్టు గది. ఇంటాయన, అతని పక్కన ఉచితంగా సాయం చేసే గృహరుణ సలహాదారు, ఎదురుగా బ్యాంకు వకీలు, అవసరమైతే ఫోన్లో సర్వీసర్. ఈ ఏర్పాటు ఉందని చెప్పడానికి కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి తలుపులు తట్టారు. మన పెద్దమనుషుల పంచాయితీలాంటిదే, కాకపోతే పైన జడ్జి ఉన్నారు. అన్ని ఇళ్ళూ నిలబడలేదు, నిలబడవు కూడా. జీతం పూర్తిగా పోయినవాడికి ఏ సవరణా చాలదు. కానీ ఇల్లు పోయినవాడికి కూడా ఎందుకు పోయిందో, ఎవరు చెప్పారో తెలిసింది.

చివరికి పెద్ద చట్టాలూ ఈ దారికే వచ్చాయి. 2012 ఫిబ్రవరిలో 49 రాష్ట్రాలు, ఫెడరల్ ప్రభుత్వం ఐదు పెద్ద సర్వీసర్ సంస్థలతో 2,500 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకున్నాయి. పత్రికలన్నీ ఆ అంకె మీదే రాశాయి. నా దృష్టిలో అందులో విలువైనది ఇంకో షరతు. బాకీపడ్డ ప్రతి కుటుంబానికీ సంస్థ ఒక మనిషిని కేటాయించాలి, అడిగినదానికి ఆ మనిషే జవాబివ్వాలి. 2014 జనవరి 10 నుంచి దేశమంతటా నియమాలు వచ్చాయి. బాకీ 120 రోజులు దాటేదాకా జప్తు చర్య మొదలుపెట్టకూడదు, పూర్తి దరఖాస్తు సకాలంలో అందితే దాని సంగతి తేల్చేదాకా వేలానికి వెళ్ళకూడదు.

ఇక మన దగ్గరికి వద్దాం. ఇక్కడ బ్యాంకుల్లో, అక్కడి అప్పుల ఫైళ్ళు చూసే ఆఫీసుల్లో పనిచేస్తున్నవాళ్ళు ఈ సభలో ఉంటారు. మీకొచ్చే ఫైల్లో అంకె తేడాగా కనిపిస్తే గడువు ముంచుకొస్తోందని ముందుకు తోసేయకండి. అడగండి. అడిగే దారి లేకపోతే, లేదని పై అధికారికి రాతపూర్వకంగా చెప్పండి.

అప్పున్నవాళ్ళకు ఒక మాట. మన బ్యాంకులు బాకీల వసూలుకు వాడే సర్ఫేసీ చట్టం 2002లో వచ్చింది. దాని కింద బ్యాంకు మొదట 60 రోజుల గడువుతో నోటీసివ్వాలి. ఆ నోటీసు మీద మీరు అభ్యంతరం రాసిస్తే, దాన్ని ఎందుకు ఒప్పుకోవడం లేదో 15 రోజుల్లో కారణాలతో జవాబివ్వాల్సిన బాధ్యత బ్యాంకుది. చాలామంది ఆ నోటీసు చూసి భయపడి బీరువాలో పెట్టేస్తారు. పెట్టకండి. అభ్యంతరం కాగితం మీద రాసి, నకలు దగ్గరుంచుకుని, రిజిస్టర్డ్ పోస్టులో పంపండి.